ఈ పాఠంలో నాకు ఆరుద్ర కనిపించింది

మా అక్క బిడ్డ పదో తరగతి. ఊరు నారాయణపేట పక్కన. మొన్న దసరాకు పోయినప్పుడు దాని తెలుగు నోట్సు చేతికి దొరికింది. ఊరికే తిరగేస్తుంటే ఒక పేజీలో ఎర్ర స్కెచ్‌తో రెండు గీతలు కొట్టి 'నా సొంత అభిప్రాయం' అని పెద్దక్షరాలతో రాసుంది. కింద ఎనిమిది వాక్యాలు. పక్కన మార్జిన్లో పెన్సిల్‌తో చిన్నగా, 'సారు చెప్పింది. ఇంపార్టెంట్. రెండుసార్లు రాయాలె.'

అభిప్రాయం సొంతం, చెప్పింది సారు, రాయాల్సింది రెండుసార్లు. ఈ మూడూ ఒకే పేజీలో పక్కపక్కన కూర్చుని కూడా ఒకదాన్ని చూసి ఇంకొకటి సిగ్గుపడకపోవడం నాకు తెగ నచ్చింది.

ఆ అభిప్రాయం ఎట్లా పుట్టిందో మా పిల్ల యాక్టింగ్ చేసి మరీ చూపించింది. సారు గైడు తెరిచి పట్టుకుని బెంచీల మధ్య తిరుగుతుంటాడట. "రాసుకోండ్రి. నా అభిప్రాయం ప్రకారం, కామా, ఈ కవి సామాజిక స్పృహ గలవాడు, ఫుల్‌స్టాప్. ఈ కవిత చదవగానే నా మనసు చలించింది." వెనక బెంచీ నుంచి ఒకడు, "సార్, చలించిందా, చెలించిందా?" "చ. ఒట్టి చ. కొమ్ములు లేవు, ఏమీ లేవు. రాసుకో." ఇంకొకడు పాపం నిజాయితీపరుడు, "సార్, మనం ఇంకా కవిత సదవలే సార్" అన్నాడట. "చదువుకుందాం తియ్‌రా. ముందు అభిప్రాయమైతే రాసుకుంటే కవితదేముంది, ఎప్పుడన్నా చదువుకోవచ్చు."

అట్లా 42 మంది మనసులు ఒకే పీరియడ్లో, అన్నం గంటకు ఐదు నిమిషాల ముందు, ఒకేసారి చలించాయి. భూకంపం వచ్చినా ఊర్లో ఇండ్లన్నీ ఇంత పద్ధతిగా ఊగవు.

అసలు సంగతి ఆరో వాక్యం దగ్గరుంది. 'ఈ పాఠంలో నాకు ఆరుద్ర కనిపించింది.'

నేను రెండుసార్లు చదివిన. ఆరుద్ర అంటే కవి అనుకుందామంటే ఆ పాఠం ఆయనది కాదు. నక్షత్రం అనుకుందామంటే అది పంచాంగం కాదు. ఇక మా దిక్కు ఆరుద్ర అంటే తొలకరి పడ్డ తెల్లారి చెల్కల్లో ఎర్రగా, మఖమల్ గుడ్డలోంచి కత్తిరించినట్టు మెత్తగా పాకే పురుగు. అరచేతిలో పెట్టుకుంటే కాళ్లు ముడుచుకుని కుంకుమ బొట్టంత అయిపోతుంది. అది కవితలోకి ఎట్లా వచ్చిందబ్బా అని గైడు తెప్పించి చూస్తే, గైడులోనూ ఆరుద్రే! అప్పుడు వెలిగింది. రాసినాయన 'ఆర్ద్రత', అంటే గుండె తడి, అని రాసుంటాడు. డీటీపీ చేసినాయన ఆ వత్తులతో పడలేక తనకు తెలిసిన మాట కొట్టి ఇంటికి పోయుంటాడు. అక్కడి నుంచి ఆ పురుగు గైడులోకి, గైడు నుంచి సారు నోట్లోకి, సారు నోటి నుంచి 42 నోట్‌బుక్కుల్లోకి పాకింది. దిద్దిన పేజీ కూడా చూపించింది మా పిల్ల. ఆరుద్ర మీద నుంచే పోయింది ఎర్ర టిక్కు.

మధ్యాహ్న భోజనంలో పురుగొస్తే పిల్లలు ప్లేట్లు పట్టుకుని రోడ్డు మీద కూర్చుంటారు, పేపర్లో ఫొటో పడుతుంది, పెద్దసారుకు మెమో వస్తుంది. పాఠంలో పురుగొస్తే మార్కులు వస్తాయి.

ఇదంతా పిల్లలకు సాహిత్యాన్ని అర్థం చేసుకోవడం, దానికి స్పందించడం నేర్పించే కార్యక్రమంలో భాగమని మనవి. బట్టీ చదువులు వద్దని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. అందుకే మన తెలుగు పుస్తకాల్లో పాఠం వెనక 'అవగాహన - ప్రతిస్పందన', 'వ్యక్తీకరణ - సృజనాత్మకత' అని ముచ్చటైన పేర్లున్నాయి. పేర్లు పెట్టినవాళ్లది మంచి మనసే, నేను కాదనను. గైడువాళ్లది అంతకంటే మంచి మనసు. పిల్లలకు ఎందుకు తిప్పలని ప్రతిస్పందన కూడా వాళ్లే స్పందించి, సృజనాత్మకత కూడా వాళ్లే సృజించి, పేజీ నంబర్లు వేసి అచ్చేశారు.

అసలు ప్రతిస్పందన అంటే ఏందో ఈ మట్టికి ఒకరు చెప్పాల్నా? తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డికి ఒళ్లు మండి, 354 మంది కవుల్ని పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేసి మొహాన కొట్టిండు. ఆయన గురించి చెప్పవే అని మా పిల్లను అడిగితే ఊపిరి తీయకుండా, "ఈయన సామాజిక స్పృహ గల కవి, ఈయన శైలి సరళంగా ఉంటుంది." పోతన? "ఈయన శైలి కూడా సరళంగానే ఉంటుంది మామా." ఆ లెక్కన 354 మందికీ ఒక్క వాక్యం సరిపోతుంది, కార్బన్ పేపర్ పెట్టుకుంటే చాలు.

పోతన పేరు వచ్చింది కాబట్టి బలిచక్రవర్తి పాఠం తీసిన. 'కారే రాజులు' పద్యం గడగడా అప్పజెప్పింది, ప్రతిపదార్థంతో సహా, మధ్యలో చెల్లెలు జడ లాగితే దాన్ని తిట్టి మళ్లీ అదే పాదంలో అందుకుంది. సరే, శుక్రాచార్యుడు వద్దంటున్నా బలి ఎందుకు ఇచ్చిండే, నువ్వైతే ఇస్తువా అన్న. కాసేపు నా మొహం చూసి, "మామా, ఆ క్వశ్చన్ రాదు" అంది.

రాకపోయినా చెప్పమని సతాయించిన. చాట ముందర పెట్టుకుని పల్లీలు ఒలుస్తున్నాం, పది నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత తనే ఎత్తుకుంది. "వచ్చినోడు ఎవరో గురువు ముందే కనిపెట్టి చెప్పిండు కద మామా. గురువు మాట వినాలె అంటరు. బలి వినలే. మరి ఆయన్నే గొప్పోడంటరు. మేం సారు మాట వినకుంటే గోడకుర్చీ ఏపిస్తరు. ఏది కరెక్టు?"

పల్లీ నా చేతిలోనే ఉండిపోయింది. ఈ ప్రశ్న ఏ గైడులో ఉందో ఎవరన్నా చెప్పండి, కొనుక్కుంటా.

పుస్తక సమీక్ష అని ఇంకొకటుంది, ఐదు మార్కులు. పుస్తకాలు బీరువాలో, తాళంచెవి ఎవరి దగ్గరో, సమీక్షలు మాత్రం జిరాక్స్ షాపులో రెడీ. దాని గురించి ఇంతకంటే రాస్తే బీరువాను అవమానించినట్టు.

సారును కలిసిన. చెడ్డాయన కాదు, చాయ్ తెప్పించిండు. "కూసోండ్రి సార్. సొంతంగా రాయనిస్తే పోరగాండ్లు తప్పులు రాస్తరు. మార్కులు పోతే పాస్ పర్సెంటేజీ ఎందుకు తగ్గిందని నన్నే నిలబెడ్తరు. మీరు రారు కద అప్పుడు" అన్నాడు. నిజమే, నేను రాను.

కానీ ఒక పేపరు సంగతి మాత్రం నేను మర్చిపోలేకపోతున్నా.

పదో తరగతి పుస్తకంలో 'కొత్తబాట' అని కథ ఉంది. పాకాల యశోదారెడ్డిది. ఆమె పుట్టింది ఇక్కడే, బిజినేపల్లిలో. కథ మొత్తం అచ్చంగా మన పల్లె మాటల్లో నడుస్తుంది, చదువుతుంటే ఎవరో ఇంటి ముందర అరుగు మీద కూర్చుని చెప్తున్నట్టే ఉంటుంది. ఆ పాఠం మీద బడిలో స్లిప్ టెస్టు పెట్టారు. 'మీ ఊరికి బాట పడిన తర్వాత వచ్చిన మార్పులను సొంత మాటల్లో రాయండి.' నాలుగు మార్కులు. మా పిల్లకు ఆ రోజు గైడు జవాబు గుర్తుకు రాలేదో, బుద్ధి పుట్టిందో తెలియదు, ఇట్లా రాసింది:

'మా ఊరికి తారుబాట పడ్డది. బాట పడ్డంక బస్సొచ్చింది. బస్సొచ్చినంక మా చిన్నాయన బొంబాయి పోయిండు. మళ్ల రాలే. మా అవ్వ బస్సు సప్పుడైనప్పుడల్ల బయటికొచ్చి సూస్తది.'

నాలుక్కి ఒకటి వేశారు. 'పడ్డంక', 'రాలే', 'సప్పుడు' చుట్టూ ఎర్ర సున్నాలు. పక్కన 'గ్రామ్యం' అని ఒక మాట.

ఏం గ్రామ్యమయ్యా? అదే మాటలు పుస్తకంలో అచ్చయితే పాఠం, పిల్ల రాస్తే గ్రామ్యమా? సొంత మాటల్లో రాయమని అడిగిందెవరు? రాస్తే సున్నా చుట్టిందెవరు? ఆ చిన్నాయన నాకూ తెలుసు, మా అక్క పెండ్లిలో మండపానికి తోరణాలు కట్టిండు. బాట అంటే వచ్చేది మాత్రమే కాదు, పోయేది కూడా అని పదిహేనేండ్ల పిల్ల ఐదు వాక్యాల్లో చెప్తే, దిద్దినవాళ్ల కంటికి 'చప్పుడు' బదులు 'సప్పుడు' కనిపించింది! కథ చదివి తన ఊరిని చూసుకోవడం కంటే గొప్ప స్పందన ఇంకేముంటది? గైడులో ఏముందో చూసిన. 'రవాణా సౌకర్యాలు మెరుగుపడి గ్రామాలు ప్రగతిపథంలో పయనిస్తున్నాయి' అట. ఏ ఊరది? ఎవరింటి ముందు నుంచి పోతుందా పథం? తమాషా ఏందంటే అదే పుస్తకంలో 'ఎవరి భాష వాళ్లకు వినసొంపు' అని ఇంకో పాఠం కూడా ఉంది. దానికీ గైడు భాషలోనే జవాబు రాయాలె.

నిన్న ఫోన్ చేసింది. పరీక్షలో మళ్లీ అదే ప్రశ్న వచ్చిందట, నాలుక్కి నాలుగు వచ్చాయట. రవాణా సౌకర్యాలు, ప్రగతిపథం అన్నీ పెట్టేసి చివర ఆరుద్ర కూడా కనిపించిందని రాసిందట, ఆ వాక్యం ఏ పాఠానికైనా నడుస్తదని సారు చెప్పిండట.

"మరి చిన్నాయన ముచ్చట రాయలేదానే?" అన్న.

"రాయలే మామా. అది సొంత అభిప్రాయం కింద రాదంట."