రీజినల్ పైలట్ల పంచాంగ శ్రవణం

అమెరికాలో చిన్న జెట్ నడిపే పైలట్‌కి ముందున్న మబ్బుని చూపించడానికి రాడార్ ఉంది. ట్యాంకులో ఇంధనం ఎంత మిగిలిందో చెప్పడానికి మీటరుంది. వచ్చే ఏడాది ఇదే సీట్లో తను ఉంటాడా అన్నది తెలియాలంటే మాత్రం క్రూ రూమ్‌లో పెట్టిన పిజ్జాని చూడాలి.

ఊరికే పెట్టిన పిజ్జా అశుభం. మేనేజ్‌మెంట్ ఊరికే తిండి పెట్టదు. డబ్బాతో పాటు పెద్దసారు కూడా వచ్చి "ఎలా ఉన్నారు?" అని పేరుపెట్టి పలకరిస్తే మరీ అశుభం. బల్లి కుడి భుజం మీద పడితే ఒక ఫలితం, ఎడమ భుజం మీద పడితే ఇంకో ఫలితం ఉన్నట్టే, విమానానికి కొత్త రంగు వేస్తే ఒకటి, వేయాల్సిన రంగు ఆగిపోతే ఇంకొకటి. విమానం ఖాళీగా, పని లేని విమానాల్ని నిలిపి ఉంచే అరిజోనా ఎడారి వైపు ఎగిరిందంటే ఆ రోజు ఎవరూ భోజనం చేయరు. ఇంత సూక్ష్మమైన శాస్త్రాన్ని ఏ విశ్వవిద్యాలయమూ గుర్తించకపోవడం శోచనీయం.

మనవాళ్ళకి ఈ వ్యవస్థ అర్థం కావడానికి రెండు నిమిషాలు చాలు. తోక మీద యునైటెడ్ అనో డెల్టా అనో ఉంటుంది. టికెట్ అమ్మేది వాళ్ళు, రేటు పెట్టేది వాళ్ళు, ఏ ఊరికి ఎన్నింటికి ఎగరాలో చెప్పేదీ వాళ్ళే. లోపల కూర్చుని నడిపేవాళ్ళు మాత్రం స్కైవెస్ట్ మనుషులో, రిపబ్లిక్ మనుషులో, గోజెట్ మనుషులో. అసలు కంపెనీ పేరు కనబడాలంటే తలుపు పక్కన చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. ఎగిరిన గంటలకీ ట్రిప్పులకీ లెక్కగట్టి పెద్ద కంపెనీ చిన్న కంపెనీకి డబ్బిస్తుంది. ఈ చిన్న కంపెనీల్ని రీజినల్ ఎయిర్‌లైన్లనీ, ఈ ఏర్పాటుని కెపాసిటీ పర్చేజ్ అగ్రిమెంట్ అనీ అంటారు. మెడలో క్లయింట్ బ్యాడ్జి వేసుకుని జీతం వెండర్ దగ్గర తీసుకునే తెలుగు కన్సల్టెంటుకి ఇంతకు మించి చెప్పనక్కర్లేదు. డాలస్‌లో ఉంటున్న నేనూ ఆ జాతివాడినే కాబట్టి, ఈ పైలట్ల జోస్యాన్ని మన పంచాంగంలో చేర్చాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. ఉగాది నాడు చెప్పే ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అనే నాలుగు అంకెలూ రీజినల్ ఎయిర్‌లైన్లకి సరిగ్గా అతుకుతాయి. ఆదాయం పెద్ద కంపెనీ ఇస్తుంది. వ్యయం చిన్న కంపెనీది. రాజపూజ్యం కాంట్రాక్టు మీద సంతకం అయిన రోజున. అవమానానికి మాత్రం తేదీ ముందుగా చెప్పరు.

ఎక్స్‌ప్రెస్‌జెట్ జాతకం చూడండి. ఒకప్పుడు దేశంలోని అతి పెద్ద రీజినల్స్‌లో ఒకటి. 2019లో స్కైవెస్ట్ దాన్ని అమ్మేస్తే కొన్న సంస్థ పేరు మానా ఎయిర్. చెవికి "మన ఎయిర్" అని వినిపిస్తుంది గానీ మనకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అందులో యునైటెడ్‌కి కూడా వాటా ఉండేది. క్లయింటే వాటాదారు, ఇంతకన్నా మంచి గ్రహబలం ఏం కావాలి అని ఏ సిద్ధాంతి అయినా అంటాడు. మరుసటి ఏడాది కోవిడ్ వచ్చింది, ఒకే రకం యాభై సీట్ల జెట్లు నడపడానికి ఇద్దరు వెండర్లు దేనికని యునైటెడ్‌కి అనిపించింది. పని కమ్యూట్ ఎయిర్‌కి వెళ్ళిపోయింది. 2020 సెప్టెంబరు 30న ఎక్స్‌ప్రెస్‌జెట్ ఆఖరి యునైటెడ్ ట్రిప్పు ఎగిరింది. ఆ తర్వాత 2021లో సొంతంగా ఒక బ్రాండు పెట్టి నెవాడాలోని రీనో నుంచి విమానాలు నడిపింది. దాని పేరు "ఆహా!". ఓటీటీ కాదు, నిజంగానే ఎయిర్‌లైన్ పేరు, చివర ఆశ్చర్యార్థకంతో సహా. 2022 ఆగస్టులో అదీ ఆగింది. ఏడాది తిరగకుండానే ఆహా కాస్తా అయ్యో అయింది.

సొంతంగా బతుకుదామంటే ముందే ఒక అనుభవం ఉంది. వాషింగ్టన్ దగ్గరి డల్లెస్‌లో యునైటెడ్‌కి నడిపిన అట్లాంటిక్ కోస్ట్, 2004లో వేరు కుంపటి పెట్టుకుని ఇండిపెండెన్స్ ఎయిర్ అని పేరు మార్చుకుంది. ఆ స్వాతంత్ర్యం 2006 జనవరి దాకా నిలిచింది.

కాంట్రాక్టు గొడవ లేకుండా పెద్ద కంపెనీయే మనల్ని కొనేసుకుంటే బాగుంటుందని కొందరు పైలట్ల ఆశ. ఇల్లరికం వెళితే రోజూ బియ్యం లెక్క చూసుకోనక్కర్లేదు కదా. సిన్సినాటి కామ్‌ఎయిర్ అలాగే డెల్టా ఇంటికి ఇల్లరికం వెళ్ళింది. 2012 సెప్టెంబరులో మామగారే తాళం వేశారు. అపార్థం చేసుకోకండి, ఇల్లరికంలో సుఖం లేదని నేననడం లేదు, కాస్త ముందు నోటీసు మాత్రం వస్తుంది.

ఎయిర్ విస్కాన్సిన్ దారి వేరు. యునైటెడ్ దగ్గర ఉండి యూఎస్ ఎయిర్‌వేస్‌కి వెళ్ళింది. ఆ యూఎస్ ఎయిర్‌వేస్ అమెరికన్‌లో కలిసిపోయింది. 2018కల్లా ఇది మళ్ళీ యునైటెడ్ గూటికి చేరింది. 2023లో మళ్ళీ అమెరికన్. 2025 వసంతంలో అమెరికన్‌తో కూడా తెగిపోయింది. ఇన్నిసార్లు తోక రంగు మారిన విమానంలో కూర్చున్న పైలట్ యూనిఫాం బీరువా ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇక స్కోప్ క్లాజు. ఇది వేరే శాస్త్రం. పెద్ద కంపెనీ పైలట్ల యూనియన్ తమ ఉద్యోగాలు చిన్న కంపెనీలకి జారిపోకుండా గీసిన లక్ష్మణరేఖ అన్నమాట. సీట్లు 76 దాటకూడదు, బరువు 86,000 పౌండ్లు దాటకూడదు. యాభై సీట్లు దాటిన జెట్లు ఎన్ని ఉండొచ్చో దానికీ లెక్కుంది. విమానాలు తయారుచేసే ఎంబ్రాయర్ పాపం ఇంధనం తక్కువ తాగే ఈ175-ఈ2 అనే జెట్ తయారుచేసింది, అది ఆ బరువు దాటింది, అమెరికా రీజినల్స్‌లో ఒక్కదాని ఇంటికీ చేరలేదు. డెబ్బై మంది పట్టే సీఆర్‌జే-700 నుంచి సీట్లు పీకేసి, ఆ ఖాళీలో సామాన్లకి అరలూ చిరుతిళ్ళకి బల్లా పెట్టి, యాభై సీట్లతో సీఆర్‌జే-550 అని యునైటెడ్ కోసం కొత్త పేరు పెట్టారు. కాగితం మీద చిన్న విమానం, గాల్లో పెద్ద విమానం. వంద మందికి వండిన పెళ్ళిలో డెబ్బై విస్తళ్ళే వేసి "మర్యాదకి లోటు లేకుండా చేశాం" అన్నట్టుంటుంది. అందుకే రీజినల్ పైలట్లు తమ కాంట్రాక్టు రెన్యూవల్ గురించి మాట్లాడుకునేటప్పుడు పెద్ద కంపెనీ యూనియన్ ఒప్పందంలోని క్లాజులు కూడా కంఠతా చెబుతారు. నాకు మా అపార్ట్‌మెంట్ లీజులో మూడో పేజీ కూడా తెలియదు.

ఇంతమంది ఇంత తెలివైనవాళ్ళు, మామూలుగా 1500 గంటలు ఎగిరితే గాని ఉద్యోగంలోకి తీసుకోని వృత్తిలో ఉన్నవాళ్ళు, పిజ్జా ఎందుకు చూస్తారని మీరు అడగొచ్చు. ఇక్కడ అనుభవం కంపెనీతో పాటే పోతుంది. ఇరవై ఏళ్ళు ఎడమ సీట్లో కూర్చున్న కెప్టెన్ కంపెనీ మూతపడి ఇంకో కంపెనీకి వెళితే, సీనియారిటీ జాబితాలో నంబరు అట్టడుగున. తరచూ కోపైలట్ కూర్చునే కుడి సీటు, అర్ధరాత్రి ట్రిప్పులు, దసరాకీ క్రిస్మస్‌కీ డ్యూటీ. అంత పోయేదున్నప్పుడు బల్లి పడినా పంచాంగం తిప్పుతాం.

మొన్న డాలస్ వస్తుంటే పక్క సీట్లో ఒక పైలట్ కూర్చున్నాడు. డ్యూటీ మీదే, ప్రయాణికుడిలా వస్తున్నాడు. గంటన్నరలో తన కంపెనీ భవిష్యత్తు మూడు రకాలుగా చెప్పాడు. మూడూ నమ్మకంగానే చెప్పాడు. దిగేముందు నా సంగతి అడిగాడు.

"మీ కాంట్రాక్టు ఎప్పటిదాకా?"

"డిసెంబరు దాకా. పొడిగిస్తామని మేనేజర్ అన్నాడు."

"నోటితో అన్నాడా, కాగితం మీదా?"

"నోటితోనే. శుక్రవారం టీమంతటికీ డోనట్స్ తెచ్చాడు."

అతను బెల్టు విప్పబోయి ఆగాడు.

"ఎన్ని డబ్బాలు?"