గట్టిమేళం

హైదరాబాదులో మా అన్నయ్యగారి అమ్మాయి పెళ్ళికి రావలసిన సన్నాయి మేళం, ముహూర్తం గంటలోకి వచ్చాక కూడా చౌటుప్పల్ దగ్గర చెడిపోయిన వ్యానులోనే ఉంది. సాయంత్రపు రిసెప్షన్‌లో వాయించవలసిన పెళ్ళికొడుకు స్నేహితుల బృందం మాత్రం పొద్దున్నే వచ్చి వైర్లు పరుచుకుంటూ ఉంది. ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సోఫోన్, గిటార్, డ్రమ్స్, వీటన్నిటితో పాటు ఒక డప్పు కూడా ఉన్న ఆ కుర్రాళ్ళు జాజ్‌ను జానపదంతోనూ, రెగేను హిందోళంతోనూ కలుపుతారట; తమది ఫలానా సంగీతమని ఎవరైనా అంటే నొచ్చుకుంటారట. ఊదే వాద్యాలు మూడు కనబడగానే మా పెదనాన్నగారు, “కద్రి గోపాల్‌నాథ్ సాక్సోఫోన్ మీద కీర్తనలు పలికించలేదా? మీరే కానిచ్చేయండి బాబూ” అని తీర్మానించేశారు.

గట్టిమేళానికి రాగంతో పనిలేదు. పురోహితుడు చెయ్యి ఊపిన క్షణాన, తుమ్ము గాని అపశకునపు మాట గాని వధూవరుల చెవిన పడకుండా అందరూ ఒక్కసారిగా మోత మోగించాలి, అంతే. దేన్నయినా దేనితోనైనా కలపగల ఆ బృందానికి ఈ ‘అంతే’ ఒక్కటే కొరుకుడు పడలేదు. ట్రంపెట్ అబ్బాయి శ్రుతి ఏమిటని అడిగితే, పురోహితుడు “శ్రుతి, స్మృతి నేను చూసుకుంటాను నాయనా, నువ్వు ఊదు” అన్నారు.

ఈలోగా ట్రాంబోన్ అబ్బాయి వాద్యం వేడెక్కడానికి కాసేపు ఊది, గొట్టం వంపు దగ్గరున్న చిన్న మీట నొక్కాడు. తలంబ్రాల పళ్ళేనికి జానెడు దూరంలో టపటపా నీళ్ళు రాలాయి. చల్లటి ఇత్తడి తగిలి ఊపిరిలోని ఆవిరే నీరవుతుందని, అందులో ఉమ్మి పాలు బహు తక్కువని అతడు ఎంత వినయంగా విన్నవించినా, మా మేనత్తగారు “ఎంగిలి!” అన్న ఒక్క మాటతో ఆ భౌతికశాస్త్రాన్ని కొట్టిపారేశారు. సన్నాయి కూడా నోటితో ఊదేదే కదా అని గిటార్ కుర్రాడు అందుకోబోతే, “మా సన్నాయికి కొళాయి లేదు” అన్నారు. పళ్ళెం మార్చి, నేల మీద పసుపునీళ్ళు చల్లి, ట్రాంబోన్‌ను స్తంభం అవతలికి పంపారు.

“గట్టిమేళం!” అని కేక వినబడగానే డ్రమ్స్ అబ్బాయి కర్రలు రెండూ ఎత్తి, వన్, టూ, త్రీ, ఫోర్ అని తాపీగా లెక్కపెట్టాడు. ఆ లెక్కలోనే రెండు ముళ్ళు పడిపోయాయి. మండపమంతా నిశ్శబ్దంగా ఉన్న ఆ కాస్త సేపట్లో పెదనాన్నగారు నిండుగా తుమ్మారు. మూడో ముడికి ఊదుడు అందుకుంది గాని, వాళ్ళు ఎంచుకున్నది స్కా. 1950ల చివర జమైకాలో పుట్టిన ఆ పద్ధతిలో ఊనిక తాళపు దెబ్బ మీద కాక దెబ్బల నడుమ పడుతుంది కనుక, అక్షతలు ఎప్పుడు వేయాలో తెలియక జనం గుప్పిళ్ళు గాలిలో ఆగిపోయాయి. ఇక చాలన్నట్టు పురోహితుడు చెయ్యి ఊపారు. గట్టిమేళానికి సైగ కూడా అదే కావడంతో వాళ్ళు రెట్టింపు ఊదారు.

పెళ్ళి వీడియోలో ఆ ఘట్టానికి మరెవరి పెళ్ళిదో గట్టిమేళం అతికించారు. నాదస్వరం గంభీరంగా మోగుతూ ఉంటుంది. తెర మీద ట్రాంబోన్ అబ్బాయి బుగ్గలు పూరించి ఊదుతూ ఉంటాడు. పెదనాన్నగారు ఇంటికి వచ్చినవారందరికీ అది పెట్టి చూపించి, “కుర్రాళ్ళు ఎంత సంప్రదాయంగా వాయించారో చూడండి” అంటున్నారు.