కెమెరాకు పేరుంది, ముసలమ్మకు లేదు

విశాఖ మన్యం మీద ఈ మధ్య వెలువడిన ఒక భారీ బొమ్మల పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, కాళ్లు తిమ్మిరెక్కే దాకా చదివాను. అందులో ఒక పేజీ నిండా గదబ తెగకు చెందిన ఒక వృద్ధురాలి ముఖం ఉంది. మెడలో లావుపాటి లోహపు కడియాలు, చెవుల అంచున వరుసగా రింగులు, చెంపల మీద ఎండకు పడిన ముడతలు, అన్నీ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. బొమ్మ కింద ‘మన్యపు చిరునవ్వు’ అని రాశారు. దాని కింద చిన్న అక్షరాల్లో కెమెరా పేరు, లెన్సు కొలత, షట్టరు వేగం ఇచ్చారు. ఎదుటి పేజీలో కొమ్మ మీద వాలిన ఒక పిట్టకు తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, లాటిన్ పేరు మూడూ ఉన్నాయి. ముసలమ్మకు మాత్రం ఏ పేరూ లేదు.

రచయితను తప్పుపట్టడం న్యాయం కాదు. పిట్టను అడిగితే పేరు చెప్పదు కనుక ఆయన గ్రంథాలు తిరగేయవలసి వచ్చింది. ముసలమ్మను అడిగితే చెప్పేస్తుంది. అంత సులువుగా దొరికే సమాచారాన్ని అచ్చువేస్తే అది పరిశోధన ఎలా అవుతుంది?

ఈ జాతి పుస్తకాల్లో అరకు ఎప్పుడూ ఆంధ్రా ఊటీయే, లంబసింగి ఎప్పుడూ ఆంధ్రా కశ్మీరే. బగతలు, కోందులు, పోర్జాలు, కోటియాలు, నూకదొరలు, వాల్మీకులు అందరూ కలిసి ‘అమాయక గిరిజనులు’ అన్న రెండు మాటల్లో సర్దుకుని కూర్చోవాలి. బొర్రా గుహల్లో రంగు దీపాల వెలుగులో శివలింగంలా కనిపించే రాళ్లకు పది పేజీలు దక్కుతాయి. అదే బొర్రా చుట్టుపక్కల ఊళ్ల భూముల్లో గనుల లీజుల మీద పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు లీజులు చెల్లవని 1997లో, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, తీర్పు వెలువడిందన్న సంగతికి పది అక్షరాల చోటు కూడా దొరకదు. అద్దాల రైలు పెట్టెలో కూర్చుని కొత్తవలస–కిరండూల్ మార్గంలోని సొరంగాలు లెక్కపెట్టుకొమ్మంటారు గానీ, ఆ పట్టాలు వేసింది మనకు లోయలు చూపించడానికి కాదనీ, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికనీ చెప్పరు.

చరిత్రకు అర పేజీ ఇచ్చారు. అందులోనూ సగం విల్లు పట్టిన సీతారామరాజు విగ్రహమే. మిగిలిన సగంలో ‘విప్లవ వీరుడు నడయాడిన పుణ్యభూమి’ అన్న వాక్యం ఉంది. ఎందుకు నడయాడాడో అడగకూడదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు మీద ఆంక్షలు పెట్టి కొండవాళ్ల కడుపు కొట్టిందనీ, నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయడానికి గూడెం తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని వెట్టికి తోలాడనీ, ఆ కడుపుమంటే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి దాకా పోయిందనీ రాస్తే, అదే పుస్తకంలో ‘మంచులో మరపురాని కారు ప్రయాణం’ అన్న అధ్యాయం రుచి చెడిపోతుంది. లంబసింగికి కార్లు ఎక్కేది నర్సీపట్నం–చింతపల్లి దారినే కదా! రాజు పక్కన నిలబడి పోరాడిన గాం గంటం దొర, మల్లు దొరల పేర్లు వెతికాను. వాళ్లు పిట్టలై పుట్టి ఉంటే దొరికేవారేమో.

ఇలాంటి పుస్తకాల ఆవిష్కరణ సభలు చూడని పాఠకులు ఉండరనే నా నమ్మకం. సముద్రపు ఒడ్డున ఏసీ హాలు, వేదిక మీద థర్మాకోల్ కొండలు, వాటి మధ్య థర్మాకోల్ జలపాతం ఉంటాయి. అసలు కొండల నుంచి తెల్లవారకముందే వ్యానులో దించిన థింసా బృందం గుమ్మం దగ్గర ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, ముఖ్య అతిథి కోసం రెండు గంటలుగా నిలబడి ఉంటుంది. అతిథి రాగానే ఆయన నెత్తిన కొమ్ముల తలపాగా పెడతారు. ఆ కొమ్ములు గోదావరి వైపు కోయలవి, పుస్తకం అరకు గురించి. అయినా ఫొటోలో కొమ్ములు లేకపోతే గిరిజన సంస్కృతి అని జనానికి తెలిసేదెలా? ఎడమ కొమ్ము బ్యానరుకు చిక్కుకుంటుంది. ఇద్దరు ఉద్యోగులు పరుగున వచ్చి సంస్కృతిని విడదీస్తారు. అతిథి థింసాలో నాలుగు అడుగులు వేసి, అయిదో అడుగు తప్పి, చప్పట్ల మధ్య మైకు పట్టుకుని ‘మనసులో నేనూ గిరిజనుణ్ణే’ అంటారు. తరవాత అతిథులకు బొంగు చికెన్ వడ్డిస్తారు. మనసులోనే కాక పుట్టుకతో కూడా గిరిజనులైనవాళ్లకు వ్యాను దగ్గర పులిహోర పొట్లాలు పంచుతారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. చివర్లో కాలినడక యాత్రల అధ్యాయం ఉంది. అందులో ఒక కొండ బాటను వర్ణిస్తూ, ‘నాగరికత తాకని దారి, వాహనాల రొద వినిపించని స్వర్గం’ అని రాశారు. వాహనాల రొదలో అంబులెన్సు రొద కూడా ఉంటుందయ్యా! అది వినిపించకపోవడం స్వర్గం కాదు. ఏటా వానాకాలంలో డోలీ వార్తలు పేపర్లో వస్తూనే ఉన్నాయి, ఈ రచయిత ఇంటికీ పేపరు వస్తూనే ఉంటుంది. గట్టి కర్రకు దుప్పటి రెండు కొసలూ కట్టి, అందులో నొప్పులు పడుతున్న మనిషిని ముడుచుకుని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తూ, పాచి పట్టిన వాగు రాళ్ల మీద కాలి వేళ్లు బిగించి దిగుతారు. కొందరు దారిలోనే కంటారు. కొందరు దారిలోనే పోతారు. ఆ బాటకు మీరు ‘శ్రమ: మధ్యస్థం, అందం: అయిదు నక్షత్రాలు’ అని మార్కులు వేశారు! రోడ్డు వేయించండని కలెక్టరు ఆఫీసు ముందు ఖాళీ డోలీలతో కూర్చుని ధర్నా చేసేవాళ్లు ఉండేది మీరు అచ్చువేసిన ఆ పచ్చటి కొండల్లోనే. మీరు ఆ బాటన నడిచారు, వాళ్ల ఇంట్లో రాగి జావ తాగామని కూడా రాశారు. డోలీ మాత్రం మీ లెన్సుకు ఆనలేదు.

రెండో ముద్రణకు సన్నాహాలు జరుగుతున్నాయట. ఈసారి చాలా భాగం డ్రోను బొమ్మలే ఉంటాయని అంటున్నారు. మంచి నిర్ణయం. అంత ఎత్తు నుంచి చూస్తే మనుషులు కనిపించరు, పేర్లు అడగవలసిన పనీ తప్పుతుంది.