బల్బు మీద డబ్బులు పోసే ముందు వైరు సంగతి చూడండయ్యా

కావలి నుంచి ఒంగోలు దాకా హైవే మీద రాత్రిపూట కారు హెడ్‌లైటు ఆనడం లేదని చాలామంది చేసే మొదటి పని, 100/90 బల్బులు (హై బీమ్‌కి 100 వాట్లు, లో బీమ్‌కి 90) జత తెచ్చి పాత హోల్డర్‌లోనే గుచ్చేయడం. దయచేసి ఆ పని చెయ్యబాకండి. ఎదురొచ్చే బండి వాడి కళ్లు పోవడం ఒక సంగతి, అసలు ఆ బల్బులు రోడ్డు మీద వాడటానికే చట్టం ఒప్పుకోదు. నేను చెప్పేది మాత్రం వైరు గురించి.

కంపెనీ వైరు, స్విచ్చి, కప్లర్ (బల్బు వెనక గుచ్చే ప్లగ్గు) అన్నీ 60/55 వాట్ల హెచ్4 బల్బుకి, అంటే హై, లో రెండు ఫిలమెంట్లూ ఒకదాంట్లోనే ఉండే బల్బుకి, లెక్కేసి పెట్టినవి. హై బీమ్‌లో ఒక్కో బల్బు 5 ఆంపియర్లు లాగుద్ది. 100 వాట్లదైతే 8 దాటుద్ది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుద్ది కాబట్టి వైరులోనూ పిన్నుల్లోనూ దాదాపు మూడు రెట్ల వేడి. హోల్డర్ ఊడదీసి చూడండి, తెలిసిపోద్ది: ప్లాస్టిక్ ముందు పసుపు తిరిగి, తర్వాత గోధుమ రంగుకొచ్చి, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుద్ది. లోపలి రేకు పట్టు వదిలేసుంటది. పట్టు వదిలితే ఇంకా వేడి. అంతే, కరిగిపోద్ది.

అసలు లైటు మసగ్గా ఉంటే తప్పు బల్బుదే అని ఎవరు చెప్పారు? ఈ హాలోజన్ బల్బుకి వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోద్ది. ఇంజన్ ఆన్‌లో పెట్టి, లైట్లు వేసి, మల్టీమీటర్ ఎర్ర పుల్ల బ్యాటరీ ప్లస్ మీద, నల్ల పుల్ల బల్బు ప్లస్ పిన్ను మీద పెట్టండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలోనే వోల్టేజీ పోతా ఉంది. అదే కొలత బ్యాటరీ మైనస్‌కీ బల్బు ఎర్త్ పిన్నుకీ మధ్య కూడా తియ్యాలి. అక్కడ 0.2 వోల్టు దాటితే ఎర్త్, అంటే కారు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారి, చెడింది.

మన వైపు ఎర్త్ చెడటం మామూలే. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి లగ్గు (వైరు కొసన బోల్టుకి బిగించే రింగు) కింద పచ్చగా చిలుం పడుద్ది. దాని గుర్తు ఒకటి చెప్తా: లో బీమ్ వేస్తే డాష్‌బోర్డు మీద హై బీమ్ గుర్తు నీలం దీపం కూడా సన్నగా వెలుగుద్ది. ఎర్త్ దొరక్క కరెంటు రెండో ఫిలమెంటు గుండా వెనక్కి తిరిగిపోతా ఉందన్నమాట. అప్పుడు కొత్త బల్బు దండగ. బోల్టు విప్పి, పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, లగ్గు బిగించి, పైన వాజ్‌లైన్ రాస్తే సరిపోద్ది.

కొలిచినాక కూడా చాలకపోతే అప్పుడు రిలే కిట్టు, అదీ 60/55 బల్బుకే. రిలే అంటే స్విచ్చి నుంచి వచ్చే కొద్ది కరెంటుతో బ్యాటరీ నుంచి పెద్ద కరెంటుని బల్బుకి వదిలే డబ్బా. లో బీమ్‌కి ఒకటి, హై బీమ్‌కి ఒకటి. రిలే కాళ్ల మీద నంబర్లుంటాయి: బ్యాటరీ ప్లస్ నుంచి ఒక్కోదానికి 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి 30కి, బల్బులకి 87 నుంచి, 85 ఎర్త్‌కి, పాత కప్లర్‌లోని లో లేదా హై వైరు 86కి. పెద్ద వైరు 2.5 చదరపు ఎమ్మెమ్, పాత కప్లర్ నుంచి 86కి వచ్చేది 0.75 చాలు. ఇంటి వైరింగుకి వాడే గట్టి తీగ వద్దు, సన్న పోగులున్న ఆటో వైరే తీసుకోండి. అయిదు కాళ్ల రిలేలో 87ఏకి కలిపితే స్విచ్చి ఆపినా లైటు వెలుగుతానే ఉంటది, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోద్ది.

ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి, జానెడు దూరంలో. రిలే పక్కన పెడితే మధ్యలో ఉన్న వైరుకి దిక్కేది? రేడియేటర్ రేకు అంచుకి ఒరుసుకుని తెగి బాడీకి తగిలితే ఆ ముక్క మొత్తం నిప్పే. ఫ్యూజ్ మాటిమాటికీ పోతా ఉందని 15 తీసి 30 పెట్టేవాళ్లని చూస్తే కడుపు రగిలిపోద్ది. ఫ్యూజ్ ఉండేది బల్బు కోసం కాదు, వైరు కోసం.

ఇంకో చిక్కు. కొన్ని జపాన్ డిజైన్ కార్లలో డిప్ స్విచ్చి తెంచేది ప్లస్‌ని కాదు, ఎర్త్‌ని. కప్లర్ ఊడదీసి లైటు స్విచ్చి వేసి, టెస్ట్ ల్యాంప్ క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి పెట్టి ఒక్కో పిన్నూ ముట్టించండి. డిమ్ డిప్ మార్చినా ఒకే పిన్ను వెలుగుతా ఉంటే అది ఆ రకం. అప్పుడు 86 ఆ పిన్నుకి, 85 ఎర్త్‌కి కాకుండా ఆ రిలేకి తగ్గ లో లేదా హై వైరుకి. ఇది చూడకుండా ఎల్‌ఈడీ బల్బుల కిట్టు పెట్టి, సరిగా వెలక్కపోతే "కిట్టు డూప్లికేటు" అని షాపు వాడితో గొడవపడతారు. కంప్యూటర్ బాక్సుతో లైట్లు నడిచే కొత్త కార్లలో అయితే ఈ రిలే పని సొంతంగా పెట్టుకోబాకండి.

కలిపే చోట వైరు మెలేసి నల్లటేపు చుట్టడం కూడా మానాలి. రోహిణి కార్తె ఎండకి, ఇంజన్ వేడికి టేపు జిగురు కారి ఊడొస్తది. లగ్గు క్రింప్ చేసి (పట్టకారుతో నొక్కి బిగించి), వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ ఎక్కించండి. పైన ముడతల పైపు తొడగండి. రిలేని కాళ్లు కిందకి ఉండేట్టు బిగించండి, కారు కడిగిన నీళ్లు లోపల నిలవవు. మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్యండి, చివర్లో దాన్నే ఆఖరున పెట్టండి. పావుగంట లైట్లు వెలిగించి ఆపి, ఒక్కో జాయింటునీ ఒక్కో హోల్డర్ వెనకనీ చేత్తో పట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేకపోతే ఆ జాయింటు విప్పి మళ్లీ చెయ్యాల్సిందే.