పండగ గిఫ్టు పిల్లకి కాదు, తల్లి చేతికివ్వండి

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే నెల్లూరులో మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హడావుడి. క్రిస్మస్, కొత్త సంవత్సరం, ఆ వెనకే సంక్రాంతి. నిరాశ్రయుల షెల్టర్లలో ఉండే పిల్లలకు బట్టలు, బొమ్మలు పంచుదామని చందాలు వేసుకుంటాం, ట్రంకు రోడ్డులో ఒక పూట తిరిగి కొంటాం, ఆదివారం సాయంత్రం వెళ్లి పంచేస్తాం. మానేయమని నేను అనను. కానీ తల్లీపిల్లలు కలిసి ఉండే చోట గిఫ్టు మనం పిల్ల చేతిలో పెట్టకూడదు, తల్లికి ఇచ్చి వచ్చేయాలి.

మొదటి ఏడాది మేం చేసింది ఇప్పటికీ కళ్లముందే ఉంది. పిల్లల్ని వరసలో నిలబెట్టాం, ఒక్కొక్కరినీ పిలిచి ఇస్తున్నాం, ఫోన్లలో ఫొటోలు. ఏడేళ్ల పాపకు ఇచ్చిన గౌను భుజాల మీద నుంచి జారిపోతోంది. ఆ పాప "అమ్మా, వాళ్లిచ్చారు" అంటూ గోడవారగా నిలబడిన తల్లి దగ్గరికి పరిగెత్తింది. పగలంతా రొయ్యలు ఒలిచి వచ్చిన మనిషి, వేళ్లు ఇంకా పాలిపోయి ఉన్నాయి. పండక్కి బిడ్డకు బట్టలు పెట్టే పని ఆమెది. అది మేం లాక్కున్నాం.

మరుసటి ఏడాది ముందే వెళ్లి కొలతలు తీసుకున్నాం, ఏం కావాలో తల్లులనే అడిగాం. ఒక ఆదివారం మాలో ఇద్దరు పిల్లల్ని ఆడించడానికి తీసుకెళ్తే, మిగతావాళ్లం బట్టలు చాప మీద పరిచి ఎంచుకోమన్నాం. నిరుటి ఆ పాప తల్లి చాలాసేపు వెతికి ఆకుపచ్చ పరికిణీ తీసుకుంది. ధర స్టిక్కర్ని గోటితో గీకి గీకి తీసేసి, సంచి అడుగున చీర మడతల్లో దాచింది. "భోగినాడు తలకి పోసినాక కడతాన్నా, నేనే తెచ్చానని చెప్తా" అంది.

మన ఊళ్లోనే మొహర్రానికి స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ చూస్తాం కదా. కోరిక ఉన్నవాళ్లు రొట్టె అందుకుంటారు, అది తీరితే మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. పుచ్చుకోవడంలో అక్కడ ఎవరికీ చిన్నతనం ఉండదు, రేపు ఇచ్చేదీ తామే కాబట్టి. షెల్టర్‌లో ఉన్న తల్లికి కూడా ఇచ్చే వంతు రావాలి.

"తల్లికిస్తే అమ్ముకుంటుంది" అనేవాళ్లున్నారు. ఒకామె అమ్మింది, నిజమే, కొడుకు బూట్లు అమ్మి వాడి జ్వరానికి మందులు కొంది. దాన్ని తప్పనడానికి నాకు మనసు రాదు.

ఇంకో సంగతి, పెద్ద బొమ్మలు వద్దు. ఇలాంటి షెల్టర్లకు డబ్బిచ్చిన కేంద్ర పథకం, 2024 వరకు నడిచిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లోనే షెల్టర్‌లో మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు అని ఉండేది, అందులోనే పడుకోవాలి, సామాను పెట్టుకోవాలి. మేమిచ్చిన పెద్ద టెడ్డీ బేర్ నెలల తరబడి ఆఫీసు బీరువా పైన దుమ్ము పట్టింది. ఫొటోలైతే అసలే వద్దు. 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టేలా పేరు, బడి, ఫొటో బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇల్లూ వాకిలీ, బతుకుతెరువూ లేని పిల్లలు ఆ చట్టం పరిధిలోకే వస్తారు. వాట్సాప్ స్టేటస్ కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు.

మరి అమ్మానాన్నలు దగ్గర లేని పిల్లల సంగతి? రైల్వే స్టేషన్లలో దొరికి హోముల్లో చేరినవాళ్లు ఉంటారు. అక్కడ ఇప్పించడానికి తల్లి లేదు కాబట్టి పిల్లాడినే అడగాలి, అదీ అందరి ముందు కాదు, పక్కన కూర్చుని. నేను అడిగిన ఒక పదకొండేళ్ల పిల్లాడు బ్యాటు అంటాడనుకున్నా. చాలాసేపు నేల చూపులు చూసి, తాళం వేసుకునే పెట్టె కావాలన్నాడు. చిన్న రేకు పెట్టె కొనిచ్చాం. తర్వాత వెళ్లినప్పుడు చూస్తే దాని తాళంచెవి వాడి మొలతాడుకు వేలాడుతోంది.