టెర్మినల్ మూసేశాక హిస్టరీ ఎందుకు ఉండాలి? ఒక వాదోపవాదం

టెర్మినల్‌లో మనం కొట్టే ప్రతి కమాండునూ షెల్, అంటే ఆ కమాండులను అందుకుని నడిపే ప్రోగ్రామ్, గుర్తు పెట్టుకుంటుంది. ఆ జాబితాయే హిస్టరీ. టెర్మినల్ మూసేటప్పుడు ఆ జాబితాను ఫైలులో దాచి, మళ్లీ తెరిచినప్పుడు అందించాలా, లేక అక్కడితో మరిచిపోవాలా అన్నది ఇక్కడి వివాదం. మరిచిపోవాలనే వారిని పూర్వపక్షి (ముందు ఆక్షేపణ చెప్పేవారు) అనీ, దాచాలనే వారిని సిద్ధాంతి (చివరికి నిలిచే వాదం చేసేవారు) అనీ పాత శాస్త్రవాదాల పద్ధతిలో పిలుస్తున్నాను. నా మొగ్గు ఎటో ఈ పేర్లలోనే బయటపడుతుంది కాబట్టి తటస్థంగా ఉన్నట్టు నటించను.

పూర్వపక్షి: టెర్మినల్ తెరిచి ఉన్న సెషన్ నడుస్తున్నంతసేపూ పై బాణం నొక్కి పాత కమాండును తెచ్చుకోవడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. సెషన్ ముగిశాక కూడా ఆ కమాండులన్నీ డిస్కు మీద మామూలు పాఠంగా పడి ఉండడమే నాకు నచ్చదు. జెడ్‌షెల్ అనే షెల్‌నే చూడండి. మనం ఏమీ సెట్ చేయకపోతే అది ఒక్క లైను కూడా ఫైలులో దాచదు. దాన్ని రాసినవారు ఆలోచించకుండా అలా వదిలేశారని నేను అనుకోను. పనికొచ్చే కమాండు ఏదైనా ఉంటే స్క్రిప్టుగా (కమాండులను వరుసగా రాసిన ఫైలుగా) రాసుకోవాలి, వివరణతో సహా నోట్స్‌లో పెట్టుకోవాలి. మిగతాదంతా దాచడమంటే ఇల్లు సర్దే ఓపిక లేక సామానంతా అటక మీదికి ఎక్కించడమే.

సిద్ధాంతి: అదే జెడ్‌షెల్‌ను 2019లో మ్యాక్‌ఓఎస్ క్యాటలీనాతో డిఫాల్టు షెల్‌గా చేసినప్పుడు, హిస్టరీని ఫైలులో దాచే సెట్టింగులను యాపిల్ తానే రాసి ఇచ్చింది. మిగతా షెల్‌లలో బ్యాష్ ఎలాగూ దాస్తుంది, ఫిష్ కూడా దాస్తుంది. డిఫాల్టులను సాక్ష్యానికి పిలిస్తే ఓడిపోయేది మీరే కాబట్టి దాన్ని వదిలేసి, మీ అసలు మాట దగ్గరికి వద్దాం. ఏ కమాండు మున్ముందు పనికొస్తుందో కొట్టే నిమిషంలోనే తెలిసిపోయేటట్లయితే మీరు చెప్పింది నేను ఒప్పుకునేవాణ్ని. కానీ అది ఎలా తెలుస్తుంది? స్కాన్ చేసిన పాత తెలుగు పత్రిక ఒకటి పీడీఎఫ్‌గా ఉంది, అందులోంచి పాఠం తీయాలి అనుకోండి. ముందు 'పీడీఎఫ్‌టుపీపీఎం'తో పేజీలను బొమ్మలుగా విడదీస్తారు. 100 డీపీఐ (అంగుళానికి 100 చుక్కలు) దగ్గర ఒత్తులు అలుక్కుపోతే 300 డీపీఐతో మళ్లీ తీస్తారు. తరువాత బొమ్మల్లోని అక్షరాలను చదివే టెసరాక్ట్‌కు భాష 'టెల్' అని చెప్పి ఒక్క పేజీ మీద ప్రయత్నిస్తారు. పేజీ విభజన విధానం దగ్గర 6 ఇచ్చారనుకోండి, అది పేజీ మొత్తాన్ని ఒకే దిమ్మగా భావించి రెండు కాలమ్‌ల లైన్లను అడ్డంగా కలిపి చదివేస్తుంది. దాన్ని 3గా మారిస్తే కాలమ్‌లను అదే వెతికి పట్టుకునే ప్రయత్నం చేస్తుంది. అది కుదిరాక అన్ని పేజీల మీదా అదే కమాండును వరుసగా నడిపే ఒక 'ఫర్' లూపు తిప్పి, భోజనానికి లేస్తారు. ఒక్కసారితో తీరిపోయిందనుకున్న ఆ పనికి స్క్రిప్టూ నోట్సూ రాసిపెట్టే ఓపిక ఆ రోజు ఎవరికీ ఉండదు. ఏడాది గడిచాక ఇంకో సంపుటం చేతికొస్తుంది. అప్పుడు హిస్టరీలో వెతికే కంట్రోల్-ఆర్ నొక్కి 'టెస్' అని కొట్టగానే ఆ లూపు అంకెలతో సహా కళ్లముందుకు వస్తుంది. నోట్సులో మనం ముఖ్యమనుకున్నదే ఉంటుంది, హిస్టరీలో మాత్రం మనం లెక్కచేయనిది కూడా మిగిలి ఉంటుంది. దాని విలువంతా ఆ లెక్కచేయని భాగంలోనే ఉంది.

పూర్వపక్షి: బాగుంది, కానీ ఆ ఫైలులో ఫలితం ఉండదు కదా. 6 కుదిరిందో 3 కుదిరిందో అందులో ఎక్కడ రాసి ఉంటుంది?

సిద్ధాంతి: వరుసను బట్టి తెలుస్తుంది. విడిగా ఒక్కొక్క పేజీ మీద చేసినవి ప్రయత్నాలు, చివరి లూపులోకి ఎక్కిన అంకె కుదిరిన అంకె. ఫలితం నేరుగానే కావాలంటే అటూయిన్ లాంటి హిస్టరీ పనిముట్లు ఉన్నాయి. కమాండుతోపాటు అది ఏ డైరెక్టరీలో నడిచిందో, ఎంతసేపు పట్టిందో, సఫలమైందో లేదో కూడా అవి ఎస్‌క్యూలైట్ డేటాబేసులో రాసుకుంటాయి.

పూర్వపక్షి: మామూలు బ్యాష్ సంగతే మాట్లాడండి, ఎక్కువమందికి ఉన్నది అదే. మీరు అంతగా నమ్ముకున్న ఆ వరుస అందులో ఉంటుందా? బ్యాష్ మొదలైనప్పుడు ఫైలును చదువుతుంది, ఆ తరువాతదంతా జ్ఞాపకంలోనే ఉంచుకుని సెషన్ ముగిసినప్పుడు రాస్తుంది. రెండు టెర్మినళ్లు పక్కపక్కన తెరిచి పనిచేస్తే ఏది ముందు మూశారన్నదే ఫైలులో వరుసను నిర్ణయిస్తుంది. 'హిస్ట్‌అపెండ్' అనే, కొత్తవాటిని చివర చేర్చే సెట్టింగు పెట్టకపోతే పాత ఫైలు మీద తిరగరాయడమే జరుగుతుందని బ్యాష్ మాన్యువలే చెబుతోంది. మధ్యలో కరెంటు పోతే జ్ఞాపకంలో ఉన్నది జ్ఞాపకంతోనే పోతుంది. అన్నిటికంటే వింత మరొకటి ఉంది. మీరు ఏళ్ల తరబడి పోగుచేసిన ఫైలు యాభై వేల లైన్లు ఉందనుకోండి. ఒకసారి ఏ కారణం చేతనో 'నోఆర్‌సీ' ఎంపికతో బ్యాష్ తెరిచారు. మీ సెట్టింగుల ఫైలు చదవలేదు కాబట్టి పరిమితి డిఫాల్టుగా 500 అవుతుంది, ఫైలును అంతకు కత్తిరించేస్తుంది. మీరు దాచానని అనుకుంటున్నది ఇంత బలహీనమైన చోట ఉంది.

సిద్ధాంతి: అవన్నీ నిజమే. కానీ అవన్నీ సరిగా దాచాలన్న వాదాలు, దాచవద్దన్న వాదాలు కావు. హిస్టరీ ఫైలుకు వేరే పేరు పెడితే, సెట్టింగులు చదవని షెల్ దాని జోలికి వెళ్లదు. బ్యాష్ 4.3 నుంచి పరిమితిని రుణసంఖ్యగా ఇస్తే కత్తిరింపే ఉండదు. ప్రతి ప్రాంప్టుకూ (తరువాతి కమాండు కోసం షెల్ చూపే గుర్తుకు) ముందు 'హిస్టరీ -ఏ' నడిచేటట్టు 'ప్రాంప్ట్‌కమాండ్'లో పెడితే, కొట్టిన కమాండు అప్పటికప్పుడే ఫైలుకు ఎక్కుతుంది. 'హిస్ట్‌టైమ్‌ఫార్మాట్' పెడితే ప్రతి కమాండుకూ కాలం నమోదవుతుంది కాబట్టి, ఎన్ని టెర్మినళ్లున్నా వరుస తెలిసిపోతుంది. మొత్తం నాలుగు లైన్ల పని.

పూర్వపక్షి: అప్పటికప్పుడే ఎక్కుతుందన్నారు, ఆ మాట మీద నిలబడండి. ఒకరు నిర్వాహకుడి అధికారంతో నడిపే 'సుడో'తో ఒక కమాండు కొట్టారు. కొద్ది నిమిషాల క్రితమే పాస్‌వర్డ్ ఇచ్చి ఉన్నారు కాబట్టి అది మళ్లీ అడగకుండానే పని ముగించేసింది. కానీ చేతికి అలవాటు ఉంది, ప్రాంప్టు దగ్గర పాస్‌వర్డ్ టైపు చేసి ఎంటర్ కొట్టేశారు. అలాంటి కమాండు లేదని షెల్ అంటుంది. ఆ లోపే మీ నాలుగు లైన్లు ఆ పాస్‌వర్డ్‌ను డిస్కు మీద రాసేశాయి. 'హిస్టరీ -డీ'తో తీసేయబోతే అది జ్ఞాపకంలోని జాబితాను మాత్రమే సరిచేస్తుంది, ఫైలు అలాగే ఉంటుంది. ఆ రాత్రి బ్యాకప్‌లోకి కూడా వెళుతుంది. డిఫాల్టు బ్యాష్‌లో అయితే సెషన్ ముగిసేలోపు దాన్ని చెరిపేసే అవకాశమైనా ఉండేది.

సిద్ధాంతి: ఈ దెబ్బ గట్టిదే, దీన్ని పూర్తిగా తప్పించుకునే మార్గం నా దగ్గర లేదు. ఫైలు తెరిచి ఆ లైను తీసేయాలి, పాస్‌వర్డ్ మార్చుకోవాలి. కానీ తెలిసి తెలిసి కమాండులోనే రాసే రహస్యాల సంగతి వేరు. మైఎస్‌క్యూఎల్ డేటాబేసుకు '-పీ' పక్కనే పాస్‌వర్డ్ అతికించేవారినీ, ఏపీఐ కీని (ఆన్‌లైన్ సేవను వాడే రహస్య సంకేతాన్ని) 'ఎక్స్‌పోర్ట్' చేసేవారినీ కాపాడడం కోసం హిస్టరీని ఆపేయనక్కరలేదు. కమాండులో రాసిన ఆర్గ్యుమెంట్లు నడుస్తున్న ప్రోగ్రాములను చూపే 'పీఎస్'లో కూడా కనిపించవచ్చు కాబట్టి రహస్యానికి అది అసలు తగిన చోటే కాదు. తప్పనిసరైతే కమాండుకు ముందు ఒక ఖాళీ వదలండి, 'ఇగ్నోర్‌స్పేస్' ఉంటే అది హిస్టరీకి ఎక్కదు. డెబియన్, ఉబుంటు ఇచ్చే బ్యాష్ సెట్టింగుల్లో ఆ సదుపాయం ముందే ఉంటుంది. వడపోత సాధ్యమేననడానికి మైఎస్‌క్యూఎల్ క్లయింటే ఉదాహరణ. తన సొంత హిస్టరీ ఫైలులోకి 'ఐడెంటిఫైడ్', 'పాస్‌వర్డ్' అనే మాటలున్న స్టేట్‌మెంట్లను అది రానివ్వదు.

పూర్వపక్షి: దానికి తన భాష తెలుసు కాబట్టి వడపోయగలదు. షెల్‌కు ఏం తెలుసు? ప్రతి ప్రోగ్రామూ రహస్యాన్ని తనకు నచ్చిన చోట తీసుకుంటుంది. మైటర్ సంస్థ దాడి పద్ధతుల జాబితాలో షెల్ హిస్టరీ నుంచి పాస్‌వర్డ్‌లు ఏరుకోవడాన్ని ఒక పద్ధతిగా విడిగా చేర్చడం ఊరికే జరగలేదు.

సిద్ధాంతి: ఆ జాబితాలోనే హిస్టరీని చెరిపేయడం కూడా ఒక దాడి పద్ధతిగా ఉంది. చెరిపేయాల్సిన అవసరం దొంగకు ఎందుకు వచ్చింది? అందులో అతని జాడ ఉంటుంది కనుక. మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు కూడా కంప్యూటర్ వ్యవస్థల్లో జరిగేవాటి నమోదులైన లాగ్‌లను 180 రోజులు భద్రపరచమంటున్నాయి.

పూర్వపక్షి: హిస్టరీని లాగ్ అంటున్నారా? ఏ వ్యక్తి మీద సాక్ష్యం కావాలో ఆ వ్యక్తి చేతిలోనే ఆ ఫైలు ఉంటుంది. డిఫాల్టు బ్యాష్‌లో, హిస్టరీ ఫైలు పేరు చెప్పే 'హిస్ట్‌ఫైల్'ను అన్‌సెట్ చేసినా (తీసేసినా), 'కిల్ -9' అని తన షెల్‌ను తానే చంపుకున్నా ఆ సెషన్ జాడ ఉండదు. నిర్వాహకుడిదైన రూట్ ఖాతాను నలుగురు పంచుకుంటే ఏ లైను ఎవరిదో దేవుడికే ఎరుక. కాలం పట్టీ కూడా మీరు అడిగితేనే ఉంటుంది. సాక్ష్యం కావాలంటే లైనక్స్ ఆడిట్ వ్యవస్థను పెట్టి, ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ప్రతి ఎగ్జెక్ పిలుపునూ వ్యవస్థకు మూలమైన కర్నెల్ దగ్గరే నమోదు చేయించి, ఆ లాగ్‌ను వెంటనే మరో యంత్రానికి పంపించాలి.

సిద్ధాంతి: ఆడిట్ వ్యవస్థకు షెల్‌లోపలే జరిగే అంతర్గత కమాండులు కనిపించవు కదా.

పూర్వపక్షి: డైరెక్టరీ మార్చే 'సీడీ' చేసినందుకు ఎవరినీ ఉద్యోగంలోంచి తీయరు.

సిద్ధాంతి: సరే, లాగ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. హిస్టరీ సాక్ష్యం కాదు, సొంతదారుడి జ్ఞాపకం మాత్రమే. అయితే మీరు ఆ ఫైలును చదివే దొంగ గురించే ఆలోచిస్తున్నారు. ఆ ఫైలు సొంతదారుడు మాత్రమే చదవగలిగే అనుమతులతో ఉంటుంది. దాన్ని చదవగలిగినవాడు వేరే యంత్రాల్లోకి వెళ్లడానికి వాడే మీ ఎస్‌ఎస్‌హెచ్ కీలను కూడా చదవగలడు. కీలను డిస్కు మీద ఉంచుకోవడం ఎవరూ మానలేదు.

పూర్వపక్షి: ఎస్‌ఎస్‌హెచ్ కీకి పాస్‌ఫ్రేజ్ పెట్టవచ్చు. అది ఎక్కడ ఉందో, ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి జాగ్రత్తగా చూసుకుంటాము. హిస్టరీలో ఏముందో మనకే తెలియదు. దొంగను పక్కన పెట్టినా అలసిన చేయి ఉంది. అర్ధరాత్రి కంట్రోల్-ఆర్ నొక్కి కోడ్‌ను సర్వర్‌కు పంపే 'గిట్ పుష్' వెతికితే మొదట వచ్చేది అక్కడున్నదాని మీద బలవంతంగా తిరగరాసే మొన్నటి 'ఫోర్స్' పుష్ కావచ్చు. చదవకుండా ఎంటర్ కొడితే మొన్న సరైనది ఈ రోజు వేరే బ్రాంచి మీద పడుతుంది. ఏ డైరెక్టరీలో ఉండి కొట్టారో కూడా మామూలు హిస్టరీలో ఉండదు.

సిద్ధాంతి: దానికి 'హిస్ట్‌ఇగ్నోర్' ఉంది. ఫోర్స్ పుష్‌లను, డైరెక్టరీలు తుడిచేసే కమాండులను ఆ నమూనాల్లో చేర్చితే అవి జాబితాకే ఎక్కవు. ప్రమాదకరమైనదాన్ని ప్రతిసారీ పూర్తిగా టైపు చేయవలసి రావడం మంచిదే, అక్కడ మీతో నాకు విభేదం లేదు.

పూర్వపక్షి: అయితే నా లాప్‌టాప్‌లో డిస్కు ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి అక్కడ దాస్తాను. ఉబుంటు ఇచ్చినట్టే ఫైలు పరిమితి 2000 లైన్లు, అంతకుమించి వద్దు. క్లయింట్ల సర్వర్లలో మాత్రం లోపలికి వెళ్లగానే 'హిస్ట్‌ఫైల్'ను అన్‌సెట్ చేస్తాను.

సిద్ధాంతి: సర్వర్ల విషయంలో వాదించను, అక్కడి రూట్ ఖాతా ఎవరి జ్ఞాపకమూ కాదు. కానీ 2000 చాలదు. రోజుకు వంద కమాండులు కొట్టేవారికి అది ఇరవై రోజులకు సరిపోతుంది. ఆ టెసరాక్ట్ లూపు మళ్లీ కావలసింది ఏడాదికి.

పూర్వపక్షి: ఆ ఒక్క లూపునూ స్క్రిప్టుగా రాసి పెట్టుకుంటాను.

సిద్ధాంతి: రాసుకోండి, కానీ అది హిస్టరీలోంచి జారిపోకముందే. ఇరవై రోజులే గడువు.