ఫూజీ నదికి అటొక కరెంటు, ఇటొక కరెంటు

కరెంటు గురించి వాదించుకునేటప్పుడు బొగ్గా, సోలారా, అణువా అన్న దగ్గరే మనం ఆగిపోతాం. ఫ్రాన్స్‌లో దాదాపు మూడింట రెండు వంతులు అణు విద్యుత్తు. నార్వేలో తొంభై శాతం దాకా జలవిద్యుత్తు. ఎవరింట్లో ఏ సరుకుంటే ఆ వంట! పుట్టిన కరెంటు ఎక్కడిదాకా పోగలదన్నది నాకు అంతకంటే పెద్ద ప్రశ్న.

జపాన్ సంగతే చూడండి. 1895లో టోక్యోవాళ్లు జర్మనీ నుంచి 50 హెర్ట్జ్ జనరేటర్లు తెచ్చుకున్నారు, అంటే కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగే ఫ్రీక్వెన్సీవి. మరుసటి ఏడాది ఒసాకావాళ్లు అమెరికా నుంచి 60 హెర్ట్జ్‌వి కొన్నారు. ఫ్రీక్వెన్సీ వేరైన కరెంట్లను నేరుగా కలపలేరు. అంతే, ఫూజీ నది దగ్గర దేశం రెండు ముక్కలైంది. 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత టోక్యో చుట్టుపక్కల వంతులవారీగా కోతలు పెట్టారు. పడమటి జపాన్ సాయం చేద్దామన్నా, మార్పిడి కేంద్రాల గుండా దాటగలిగింది వెయ్యి మెగావాట్ల చిల్లర. ఎప్పుడో తాతల నాటి బేరం, మనవళ్లకు చీకటి!

మనకూ అలాంటి గోడ ఉండేది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైను కలిసేదాకా దక్షిణాది గ్రిడ్, అంటే లైన్లన్నీ కలిసిన కరెంటు వల, వేరు, మిగతా దేశానిది వేరు. మధ్యలో పెద్ద వంతెన అంటే ఒడిశాలోని తాల్చేరు నుంచి కోలారుకు వచ్చే డీసీ లైను, అంటే కరెంటు ఊగకుండా ఒకే దిశలో పారేది. కోలారు ఎక్కడో లేదు, పలమనేరువాళ్లకు తిరుపతికన్నా దగ్గర. డీసీ లైనుకు రెండు వైపులా ఒకే ఫ్రీక్వెన్సీ ఉండాల్సిన పనిలేదు. అవతలి గ్రిడ్ తూలితే ఇవతలి దాన్ని తనతో లాక్కుపోదు. అందుకే 2012 జూలై ఆఖరులో ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలి సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైనా, తిరుపతిలో ఫ్యాన్లు తిరిగాయి. కోత వేళ కాకపోతే లెండి!

ఆ కోతలే అసలు కథ. అదే ఏడాది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు. బయట కరెంటు దొరికినా తెచ్చుకునేందుకు లైన్లలో ఖాళీ లేదు. రెండు రోజులు కాపాడిన గోడే ఏడాది పొడవునా ఆకలి పెట్టింది. కలవడమే మంచిదైందని నేనంటాను.

డెన్మార్క్‌లో సగానికి పైగా కరెంటు గాలిమరలదే. గాలి జోరుగా ఉన్నప్పుడు మిగిలింది సముద్రం కింది కేబుళ్లలో నార్వేకి పోతుంది, నార్వే తన డ్యాముల్లో నీళ్లు దాచుకుంటుంది. గాలి పడిపోయినప్పుడు ఆ నీటి కరెంటు వెనక్కొస్తుంది.

చిత్తూరు జిల్లాలో సేద్యమంతా బోర్ల మీదే. అందుకే పగటిపూట తొమ్మిది గంటల సరఫరా సోలారుకు భలే కుదిరింది. టెన్షన్ అంతా పొద్దుగూకాకే. ఇళ్లు, ఏసీలు, తిరుపతి హోటళ్లు ఒక్కసారిగా లాగుతాయి. మనకు పక్కన నార్వే లేదు. నంద్యాల జిల్లా పిన్నాపురం ప్రాజెక్టు పగలు నీళ్లు పైకెక్కించి రాత్రి కిందికి వదిలే తరహాది, అలాంటివి ఇంకా కావాలి. అక్కడి నుంచి మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా లైన్లూ బలపడాలి. అవేవీ లేకుండా సోలారు పలకలు పరుచుకుంటూ పోతే మధ్యాహ్నం సోలారు ఆపమంటారు, రాత్రికి బొగ్గు కరెంటు కొంటారు.